మోకాలెత్తులో పసుపు చెయ్యి

నాలుగువందల కిలోల కాగితం రీలు కింద నుంచి ఒక మనిషి పాదం బయటికి కనిపిస్తోంది. అది ఎవరి పాదమో కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ కలోలోకి చూడగానే తెలిసిపోయింది.

పసిఫిక్ దీవిలోని మాతా ఊతు రేవు మొత్తం మీద మేజోళ్లు వేసుకుని తిరిగే మనిషి ఒక్కడే. కాగితం వ్యాపారి పెలెనాటో.

కలోలో గడియారం చూశాడు. పదకొండూ అయిదు. గంటన్నర కిందట, తొమ్మిదీ నలభైకి, ఇదే గోడౌన్లో పెలెనాటో పక్కన నిలబడి కంటైనర్ సీలు తెంచింది తనే. ఓడ తెచ్చిన సరుకు మొత్తం కాగితమే. సంచులు చేసే గోధుమరంగు కాగితం ఆరు రీళ్లు, తెల్లకాగితం నలభై రెండు పెట్టెలు, మందపాటి అట్టలు ఎనిమిది కట్టలు. దీవిలో ప్లాస్టిక్ సంచులు నిషేధించినప్పటి నుంచి చేపలు చుట్టాలన్నా, ఉల్లిపాయలు కట్టాలన్నా పెలెనాటో కాగితమే దిక్కు. పదింటికి కలోలో ఓడ ఆఫీసుకి సంతకాల కోసం వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఇది.

వంగి మెడ మీద వేలు పెట్టి చూశాడు. చూడకపోయినా సరిపోయేది.

పదకొండూ ఇరవైకి పోలీసు జీపు వచ్చింది. పన్నెండు కాకముందే ఫోర్క్‌లిఫ్టు నడిపే ఇకెనాసియో చేతులకి బేడీలు పడ్డాయి.

"అయిపోయింది," అన్నాడు అధికారి సెటెఫానో, చేతులు దులుపుకుంటూ. ఆ నీలం చొక్కా ఇస్త్రీ ఎంత ఎండలోనూ నలగదు. "నాలుగింటి విమానంలో నూమెయా పట్నం పంపిస్తున్నాను. మిగతాది అక్కడి జడ్జి చూసుకుంటాడు. నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టు, శవాన్ని తీయించాలి."

"అప్పుడే పెట్టను," అన్నాడు కలోలో.

"ఏమన్నావు?"

"సుంకం తేలని సరుకు నా అధీనంలో ఉంటుంది. ఆ రీలుకి సుంకం తేలలేదు. నేను సంతకం పెట్టేదాకా దాన్ని అంగుళం కదపడానికి ఫ్రెంచి దొరగారిక్కూడా హక్కు లేదు."

సెటెఫానో నవ్వాడు. "పదహారేళ్లయిందిరా కలోలో. ఇంకా ఆ పరీక్షే రాస్తున్నావా?"

ఇద్దరూ ఒకే రోజు పోలీసు పరీక్షకి వెళ్లారు. సెటెఫానో నెగ్గాడు. కలోలోకి ఎడమ చెవి సరిగ్గా వినపడదని డాక్టరు రాశాడు. ఆ ఏడాది చివర్లో, కలోలో ఇష్టపడ్డ ఫలకికా సెటెఫానోని చేసుకుంది. ఆమె మనిషిని కాదు, ఆ నీలం చొక్కాని పెళ్లి చేసుకుందని కలోలో అనుకుంటాడు. పదహారేళ్లుగా అలా అనుకోవడం అతనికి కొంత సుఖంగానే ఉంది.

"నీ లెక్క చెప్పు, వింటాను," అన్నాడు కలోలో, కుడి చెవి అటు తిప్పి.

"చూడు. ఈ గచ్చు వాననీళ్లు పోవడానికి ఇటు వాలుగా కట్టారు. పై భాగంలో మూడు రీళ్లు పడుకోబెట్టారు. ఒక్కోదానికి కింద ఒక అడ్డుచెక్క, పైన ఒకటి. ఈ రీలుకి కింది చెక్క లేదు. ఎవరో పక్కన నిలబడి లాగేశారు. ఆరు మీటర్లు దొర్లింది. కింద పెలెనాటో ఇటు వీపు పెట్టి, గొంతుక్కూచుని పెట్టె కోస్తున్నాడు. రీళ్లు పేర్చిందెవరు? ఇకెనాసియో. పోయిన వారం పెలెనాటోతో గొడవ పడిందెవరు? ఇకెనాసియో. ఆ లాగేసిన చెక్క సిమెంటు బస్తాల వెనక దొరికింది. దాని మీద ఏముందో చూశావా?"

సెటెఫానో సంచిలోంచి చెక్క తీసి చూపించాడు. అంచున ఎర్రటి వేలిగుర్తులు.

"నెత్తురు," అన్నాడు. "వాడి బొటనవేలికి గుడ్డ కట్టుంది, చూడు."

జీపు పక్కన కూలబడి ఉన్న ఇకెనాసియో తలెత్తాడు. నలభై ఏళ్ల మనిషి. కుడి మోకాలు చాచే ఉంది; నాలుగేళ్ల కిందట కంటైనర్ తలుపు తగిలిన దగ్గర్నుంచీ అది వంగదు.

"కలోలో అన్నా, వేలు నిన్న టారో దుంపలు కోస్తుంటే తెగింది. మా ఆవిణ్ణి అడుగు."

"అడిగాం," అన్నాడు సెటెఫానో. "మొగుడు కాబట్టి అవునంది."

"పది దాటాక ఎక్కడున్నావురా?" కలోలో అడిగాడు.

"పదీ పదికి మూడో రీలు దింపాను. బండిలో గ్యాసు అయిపోయింది. సిలిండరు కోసం అవతలి గిడ్డంగికి వెళ్లాను. అక్కడ కాపలావాడు లేడు, రేపు పండగ కదా, పంది కోయడానికి పోయాడు. నేనే మార్చుకుని పదీ యాభైకి అక్కడ బయల్దేరాను. సిలిండరు మోసుకుని పక్క తలుపు దాకా వచ్చేసరికి నువ్వు లోపల కేకేశావు."

"గొడవ దేనికి?"

"రీళ్లు నిలబెట్టమంటాడు. నిలబెడితే మళ్లీ పడుకోబెట్టడం నా వల్ల కాదన్నాను. అంతే అన్నా. దానికి చంపుతానా?" ఇకెనాసియో గొంతు తగ్గించాడు. "మా పెద్దన్న అప్పుడే పందుల్ని కడుతున్నాడట. చాపలు పట్టుకుని పెలెనాటో ఇంటికి క్షమించమని అడగడానికి పోతాడట. వాళ్లు ఒక్క చాప తీసుకున్నా నేను చంపినట్టే అన్నా. ఆ తర్వాత జడ్జి కాదన్నా ఊరు ఒప్పుకోదు. నా పిల్లలు ఐదుగురు."

"ఎన్నింటికి పోతాడు మీ అన్న?"

"విమానం లేవగానే."

కలోలో గడియారం చూశాడు. పన్నెండూ పది.

*

గోడౌను పెద్ద తలుపుకి కంటైనర్ ఆనించి ఉంది. మనుషులు వచ్చిపోయే దారి పక్క తలుపు ఒక్కటే. ఆ తలుపు బయట చూరు కింద, పొద్దున దింపిన పన్నెండు తెల్లకాగితం పెట్టెలు గోడ వెంట పేర్చి ఉన్నాయి. వాటికీ, ఎదురు అరుగుకీ మధ్య ఒక మనిషి నడిచేంత సందు.

కలోలో ఆ సందులో ఆగిపోయాడు.

అడుగు నుంచి రెండో పెట్టె మీద, మోకాలెత్తులో, అరచేయి ముద్ర. ఐదు వేళ్లూ స్పష్టంగా పడ్డాయి. పసుపుపచ్చగా.

"అది నేనూ చూశాను," వెనక నుంచి సెటెఫానో అన్నాడు. "ఎవడో చిన్నపిల్లాడు ఆడుకుని ఉంటాడు. ఓడ రోజున పిల్లలు ఇక్కడే కదా."

"పిల్లాడికి ఇంత చెయ్యా?" కలోలో తన చేయి పక్కన పెట్టి చూపించాడు. ముద్ర అంగుళం పెద్దదే. "పెద్ద మనిషి చెయ్యి మోకాలెత్తులో ఎందుకు పడుతుంది?"

"పాకుతూ పోయి ఉంటాడు. జారిపడి ఉంటాడు. నాకేం తెలుసు?"

"నీకు తెలుసు. మర్చిపోయావు."

ఎదురు అరుగు మీద నలుగురు ముసలివాళ్లు చిరిగిన అట్టపెట్టెలు పరుచుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మధ్యలో కావా అనే మత్తు వేరు రసం తొట్టి. ఓడ వచ్చిన ప్రతిసారీ వాళ్లు అక్కడే ఉంటారు. సరుకు దిగడం చూడటం వాళ్ల హక్కు.

"వాళ్లని అడిగావా?"

"మొదటే అడిగాను. ఏమీ చూడలేదన్నారు. పొద్దున్నుంచీ కావా తాగుతున్నవాళ్లకి ఏం కనిపిస్తుంది?"

"ఎలా అడిగావు? నిలబడేనా?"

సెటెఫానో టోపీ సర్దుకున్నాడు.

కలోలో చెప్పులు విప్పాడు. నడుం వంచి, చేయి దాదాపు నేలకి ఆనించి, ముసలివాళ్ల ముందు నుంచి నడిచి, అట్ట చివర కూర్చున్నాడు. ఒకాయన చిప్పతో కావా ఇచ్చాడు. కలోలో తాగి చిప్ప తిరిగి ఇచ్చి, కాసేపు ఓడ వంక చూశాడు. తర్వాత అందరిలోకి పెద్దాయన లఫాయెలె వైపు తిరిగాడు.

"తాతా, పొద్దున ఈ తలుపులోంచి ఎవరు పోయారు?"

"ఇందాక ఆ పోలీసు కూడా ఇదే అడిగాడు," అన్నాడు లఫాయెలె. "ఆకాశంలో నిలబడి అడిగాడు. అంత పైకి నా గొంతు పోదు."

మిగతా ముగ్గురూ పళ్లు లేని నోళ్లతో నవ్వారు. సెటెఫానో చెవులు ఎర్రబడటం కలోలో చూశాడు. చూసినందుకు సంతోషించాడు కూడా.

"పదింటికి నువ్వు పోయావు," లఫాయెలె వేళ్లు మడవసాగాడు. "కొంచెంసేపటికి ఇకెనాసియో బయటికొచ్చాడు. వాడి మోకాలు వంగదు పాపం, గోడ పట్టుకుని తల ఒక్కటి దించి పోతాడు. వాడికి మాఫీ చేశాం. తర్వాత ఓడ కూసింది."

ఓడ కూసింది పదీ ఇరవైకి. ఆ కూతకి ఓడ ఆఫీసులో కలోలో కాఫీ ఒలికింది.

"తర్వాత?"

"మొదటి తొట్టి అయిపోయింది. రెండోది కలిపేలోగా ఒకడు లోపలికి పోయాడు. రెండోది వడకట్టకముందే బయటికొచ్చాడు."

"అంటే పావుగంట."

"నీ గడియారంలో ఎంతో నాకు తెలియదు. కావా వడకట్టేంత."

"ఎవరు తాతా?"

"ముఖం చూస్తే కదా. అంత కిందికి వంగినవాడి ముఖం ఎలా కనపడుతుంది? వీపు చూశాను. చెమట వీపు. కొబ్బరినూనె వాసన." లఫాయెలె తల ఊపాడు. "కానీ ఏం వంగాడురా. చెయ్యి ఆ పెట్టెకి ఆనించి, తల మోకాళ్ల మధ్యకి తెచ్చి. మా నాన్న కాలంలో అలా వంగేవాళ్లు. ఈనాటి కుర్రాళ్లు మెడ విదిలిస్తారు, ఈగ వాలినట్టు."

"లోపల చప్పుడు వినపడలేదా?"

"పొద్దున్నుంచీ వినపడేది చప్పుడే. క్రేను ఒకవైపు, ఫోర్క్‌లిఫ్టు ఒకవైపు. పెద్దది ఒకటి దొర్లినట్టయింది. సరుకు కదా అనుకున్నాం." ముసలాయన కళ్లు ఒక్క క్షణం పక్క తలుపు వైపు వెళ్లాయి. "అది మనిషి మీద నుంచి అనుకోలేదు."

కలోలో లేచి సెటెఫానో దగ్గరికి వచ్చాడు.

"విన్నావుగా. పదీ ఇరవై, పదీ నలభై మధ్య. ఒక్క మనిషి. మోకాలు వంగనివాడు మోకాలెత్తులో చెయ్యి ఎలా పెడతాడు?"

"ముఖం చూడని సాక్షులు నలుగురు, తాగింది రెండు తొట్లు. జడ్జి నవ్వుతాడు," అన్నాడు సెటెఫానో. "నా దగ్గర నెత్తురుంది."

"నెత్తురు కాదు."

"నువ్వు డాక్టరువా?"

"వాడి అన్నం డబ్బా ఏది?"

ఫోర్క్‌లిఫ్టు సీటు కింద ఇకెనాసియో డబ్బా ఉంది. కొబ్బరిపాలలో పచ్చిచేప ముక్కలు, పక్కన పిండుకోవడానికి రెండు నిమ్మకాయలు. కలోలో ఒకదాన్ని పంటితో కొరికి, సెటెఫానో చేతిలోని చెక్క మీద, చివరి వేలిగుర్తు పైన ఒక చుక్క పిండాడు.

"ఏయ్, సాక్ష్యం పాడుచేస్తావా?"

"ఒక్క వేలే. మిగతా నాలుగూ నీకే. చూడు."

ఎర్రటి గుర్తు చుక్క పడ్డచోట కరిగినట్టయింది. చూస్తుండగానే పసుపుపచ్చగా మారింది.

సెటెఫానో వంగి చూశాడు. చెక్కని ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"పసుపు," అన్నాడు కలోలో. "పసుపు నూనె అంటిన చెయ్యి. చెక్క లాగి, సిమెంటు బస్తాల వెనక దూర్చాడు. సిమెంటు దుమ్ము తగిలి పసుపు ఎర్రబడింది. సబ్బు తగిలినా అంతే. పుల్లటిది తగిలితే మళ్లీ పచ్చబడుతుంది. మీ ఆవిడ బట్టలు ఉతికేటప్పుడు ఎప్పుడూ చూడలేదా?"

"మా ఆవిడ మాట ఎత్తకు."

"సరే, ఎత్తను."

అప్పుడు కూడా కలోలో చూస్తున్నది సెటెఫానో ముఖాన్నే. ఆ ముఖం మీద చిరాకు మెల్లగా అనుమానంగా మారడాన్ని, పదహారేళ్లుగా దాచుకున్న సీసా మూత తీసినట్టు, చుక్క చుక్కా తాగుతున్నాడు.

"అన్నా," జీపు దగ్గర్నుంచి ఇకెనాసియో పిలిచాడు. "నువ్వు గెలిచావు, సంతోషం. నా సంగతి చూడు."

కలోలోకి చెంప మీద కొట్టినట్టయింది. గడియారం చూశాడు. ఒంటిగంటా పావు.

"బేడీలు తీయను," అన్నాడు సెటెఫానో పట్టుదలగా. "పసుపైతే పసుపు. రేపు పండగలో నాట్యం చేసే వందమంది ఒంటికీ పసుపే. ఎవరిదని పట్టుకోను?"

"రేపు వందమంది. ఈ రోజు?" కలోలో అన్నాడు. "నాట్యం చేసేవాళ్లకి రేపు తెల్లవారాకే పూస్తారు. ఈ రోజు పసుపులో చెయ్యి పెట్టే హక్కు దీవిలో ఒక్క మగాడికే ఉంది."

ఆ ఒక్కడి పేరు సెటెఫానోకీ తెలుసు. ఆ పేరుగల మనిషి ముందు కూర్చుని ఇద్దరూ చిన్నప్పుడు పాటలు నేర్చుకున్నారు.

"మతి పోయిందా నీకు?"

"రెండున్నరకి పసుపు గుడిసె దగ్గరికి రా. నేను చెప్పింది తప్పైతే ఆ రీలు మీద సంతకం పెడతాను, ఇకెనాసియోని నేనే విమానం ఎక్కిస్తాను."

వెళ్లేముందు కలోలో గోడౌన్లోకి మళ్లీ వచ్చాడు. అట్టల కట్టలు ఎనిమిదీ ఇంకా విప్పలేదు. ఎలాగూ ఒకటి తనిఖీ చేయాలి. తాడు కోసి పై కాగితం చించాడు. లోపలి అట్ట మీద అచ్చు వేసింది చదివాడు. చాలాసేపు చదివాడు, ఉన్నది నాలుగు లైన్లే అయినా. తర్వాత ఒక అట్ట తీసి చొక్కా లోపల పెట్టుకున్నాడు.

*

పసుపు గుడిసె రేవుకి పది నిమిషాల నడక. ముందు పాకలో ఆరుగురు ఆడవాళ్లు పసుపు కొమ్ములు తురుముతున్నారు. అందరిలోకీ గట్టిగా తురుముతున్నది ఎమెలియానా, పాటలు నేర్పిన గురువుగారి వదిన.

"ఇంకా తురుముతున్నారేమిటి వదినా?" కలోలో అడిగాడు. "రేపే కదా పండగ. ఈపాటికి ఆరబెట్టి ఉండాలి."

"ఆ లోపలున్న మహానుభావుణ్ణి అడుగు," అంది ఎమెలియానా, తురుము పళ్లెం కింద కొట్టి. "మూడు వారాలు తవ్వి, కడిగి, తురిమి, వడకట్టి తొట్టిలో పేరబెట్టాం. నా గోళ్లు చూడు, ఉన్నాయా? పొద్దున పదకొండుకి తొట్టి మొత్తం పెరట్లో పారబోశాడు."

కలోలో గుడిసె పక్కకి వెళ్లి చూశాడు. అరటిచెట్ల కింద నేలంతా పచ్చగా ఉంది. అక్కడి నుంచి ఒక పచ్చని కాలువ కంచెదాకా పారి ఎండిపోయింది.

"ఎందుకు పారబోశాడట?"

"పాడైపోయిందన్నాడు. పసుపు పేరుకునేదాకా లోపలివాడు గడప దాటకూడదు. దాటితే పాడు. పిల్లలకి కూడా తెలుసు. దాటావా అనడిగాను. పలకడు. ముసలాడయ్యాడు, ఒంటేలుకి ఆపుకోలేక వెనకనించి పోయుంటాడు. పోతే పోయాడు, చెప్పకుండా ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలియదు," అన్నాడు కలోలో. "మీరు తురమండి వదినా."

గుడిసె లోపల చల్లగా ఉంది. కొత్త తొట్టి ముందు కుసితినో కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి, కర్రలా నిటారు. చేతులు మణికట్టుదాకా పసుపు. కలోలో గడప దగ్గరే వంగి, అలాగే నడిచి, ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"కస్టమ్స్‌వాళ్లు పసుపు మీద కూడా పన్ను వేస్తున్నారా?" అన్నాడు కుసితినో.

"ఇది దిగుమతి కాదు కదా గురువుగారూ."

"అవును. ఈ ఊళ్లో ఇదొక్కటే మిగిలింది, ఓడలో రానిది."

"పెలెనాటో చనిపోయాడు."

"విన్నాను. ఏడుపులు ఇక్కడికి వినిపించాయి."

"పొద్దున మీరు ఎక్కడున్నారు?"

"పసుపు పేరుకుంటుంటే మనిషి ఎక్కడుంటాడు?"

"మరి మొదటి తొట్టి ఎందుకు పాడైంది?"

కుసితినో చేతులు నీళ్లలో ఆగాయి. "ఒక్కోసారి పాడవుతుంది."

"గడప దాటకుండా పసుపు ఎప్పుడైనా పాడైందా?"

బయట జీపు ఆగింది. సెటెఫానో గుమ్మంలోకి వచ్చి, నడుం మీద చేయి వేసుకుని నిలబడ్డాడు.

"కూర్చోరా," అన్నాడు కలోలో, తల తిప్పకుండా.

సెటెఫానో టోపీ తీసి, వంగి, కలోలో పక్కన వచ్చి కూర్చున్నాడు. ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ల దగ్గర నలిగింది.

"గురువుగారూ, కుడిచెయ్యి చూపించండి," అన్నాడు కలోలో.

కుసితినో నీళ్లలోంచి చేయి తీశాడు. అరచేయి పచ్చన. బొటనవేలు, చూపుడువేలు గోళ్ల మూలల్లో మాత్రం ఇటుకరంగు. నీళ్లకి పోని ఎరుపు.

"సిమెంటు," అన్నాడు కలోలో. "చెక్క మీద కూడా ఇదే ఉంది. పెట్టె మీద మీ చెయ్యి ఉంది, మోకాలెత్తులో. ముసలివాళ్ల ముందు నుంచి పోతూ వంగారు. చంపిన చేత్తో తిరిగి వస్తూ కూడా వంగారు. అలా వంగడం మా ఇద్దరికీ నేర్పింది మీరే. మేం సరిగ్గా నేర్చుకోలేదు."

కుసితినో చేతిని మళ్లీ నీళ్లలో ముంచాడు.

"ముద్ర లేకపోయినా, చెక్క దొరక్కపోయినా, ఆ పారబోసిన తొట్టి చాలు. గడప దాటారని మీకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ పసుపే రేపు వందమందికి పూసి ఉంటే ఎవరూ అడిగేవాళ్లు కాదు. మీరు పూయలేకపోయారు."

"పాడైన పసుపు పిల్లల ఒంటికి ఎలా పూస్తాను?" అన్నాడు కుసితినో, అంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. అని, తను అన్నది తనకే వినపడి, కళ్లు మూసుకున్నాడు.

కలోలో చొక్కా లోపలి నుంచి అట్ట తీసి చాప మీద పెట్టాడు.

"పెలెనాటో నూమెయాలో అచ్చు వేయించాడు. పుస్తకానికి పై అట్ట. ఈ ఓడలోనే వచ్చింది. చదువుతారా?"

మందపాటి గోధుమరంగు అట్ట. పైన ఊరి పేరు. దాని కింద పెద్ద అక్షరాల్లో "మన పాటలు". దాని కింద "గురువు కుసితినో నోటి నుంచి". అన్నిటికంటే అడుగున, ఈగ అంత అక్షరాల్లో, "రాసుకున్నవాడు శిష్యుడు పెలెనాటో".

కుసితినో అట్టని ముట్టుకోలేదు. పసుపు అంటుతుందని కాబోలు, చేతులు వెనక్కి పెట్టుకుని వంగి చదివాడు. మళ్లీ చదివాడు.

"ఇకెనాసియో బేడీలతో జీపులో ఉన్నాడు గురువుగారూ," అన్నాడు సెటెఫానో మెల్లగా. ఆ గొంతు అధికారిది కాదు. "నాలుగింటికి విమానం."

"వాణ్ణి దింపు," అన్నాడు కుసితినో. "వాడికి దీంతో సంబంధం లేదు. నేనే లాగాను.

"ఇరవై రెండేళ్లు ఈ ఊరి పాటలు నా నోట్లో ఉన్నాయి. ఎవరికి ఏ పాట కావాలన్నా నా గడప ముందు కూర్చోవాలి. మూడు నెలలు కూర్చోవాలి. మీరూ కూర్చున్నారు. పెలెనాటో కూడా కూర్చున్నాడు, మీ అందరికంటే వెనక. గొంతు లేదు వాడికి, తాళం అసలే లేదు. ఆ మనిషి ఓడలో తెల్లకాగితం తెప్పించి, ఈ నాట్యం పాటలన్నీ అచ్చు వేసి, ఇంటికో కాగితం పంచాడు. మూడు నెలల పని ఆరు రోజుల్లో అయిపోయింది. పెద్దలు ఎంత సంతోషించారో. ఈ ఏడాది నాట్యానికి ముందు నిలబడేది పెలెనాటో అన్నారు. నాకు పసుపు ఇచ్చారు. గౌరవంగానే ఇచ్చారు. నా చోట వాడు నిలబడి చేతులు ఊపుతుంటే, పిల్లలు కాగితంలోకి చూస్తూ పాడుతుంటే, నేను ఇక్కడ కూర్చుని విన్నాను. నెల రోజులు విన్నాను. అన్నం సహించలేదు.

"పొద్దున చంపడానికి పోలేదు. అడగడానికి పోయాను. ఒక్క పాట వదిలెయ్యరా అని. మా నాన్న కట్టిన పాట. అదొక్కటి కాగితం మీదికి ఎక్కించకు, నా నోట్లో ఉండనీ అని. లోపలికి పోయేసరికి వాడు వీపు ఇటు పెట్టి పెట్టె కోస్తున్నాడు. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు. వెనక్కి చూడకుండానే, రండి గురువుగారూ, మీకొకటి చూపించాలి అన్నాడు. అని, కోస్తూ కోస్తూ కూనిరాగం తీశాడు. మా నాన్న పాటే. వింటూ నిలబడ్డాను. ఎక్కడ తప్పుతాడా అని విన్నాను. మూడో చరణంలో అందరూ తప్పుతారు. మీరిద్దరూ తప్పేవాళ్లు. వాడు తప్పలేదు. తప్పి ఉంటే సరిదిద్ది ఇంటికొచ్చేవాణ్ణి. చెక్క నా కాలి దగ్గరే ఉంది."

బయట తురుము చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.

"వాడు చూపిస్తానన్నది ఇదే," అన్నాడు సెటెఫానో, అట్ట వైపు చూసి. "ఇది ముందే చూసి ఉంటే మీరు—"

"ముందే లాగేవాణ్ణి," అన్నాడు కుసితినో. "నా పాటలు వాడే పంచాలి, నా చోట వాడే నిలబడాలి, చివరికి నా పేరు కూడా వాడే నాకు తెచ్చి ఇవ్వాలా? నేను వాడికి ఏం ద్రోహం చేశాను, చెప్పు, ఇంత మంచితనం నా మీద పారబోయడానికి?"